తూకానికి కొన్న కంప్యూటర్లు

మౌసా పోయాడని మొన్న బరంపురం నుంచి కబురు వచ్చింది. ఆయన నాకు చుట్టం కాదు. ఒడియా వాళ్లు పెద్దవాళ్లను పిలిచే పిలుపు అది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. పాత బస్టాండు వెనక సందులో పాత ఇనుప సామాన్ల కొట్టు ఆయనది. మా ఈడు వాళ్లలో కంప్యూటర్ విప్పి చూసినవాళ్లు ఊళ్లో ఎవరున్నా, ఏదో ఒకనాడు ఆ సందులో గొంతుక్కూర్చొని బోర్డుల గుట్ట కెలికినవాళ్లే. కబురు చెప్పిన మిత్రుడూ అంతే. ఇప్పుడు బెంగళూరులో పెద్ద పెద్ద సర్వర్లు చూసుకుంటున్నాడు. ఇద్దరం మౌసా గురించి రెండు నిమిషాలు మాట్లాడుకుని, ఆ తర్వాత గంటసేపు ర్యామ్ అనే మెమరీ ముక్కల గురించి, బోర్డు మీద అమరికలు మార్చే జంపర్ల గురించి మాట్లాడుకున్నాం. అందులో తప్పేమీ లేదనుకుంటాను. మౌసాకు కూడా మనుషుల ముచ్చట్ల కంటే సామాను ముచ్చట్లే ఇష్టం.

కొట్టు ముందు దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద కాటా. దాని పక్కన అంచులు అరిగిన తూకపు రాళ్లు. కొనేటప్పుడు ఒక జత, అమ్మేటప్పుడు ఒక జత వాడతాడని ఊళ్లో అనేవారు కానీ నేనెప్పుడూ చూడలేదు. లోపలికి వెళితే ఎడమ చేతి వైపు అట్టపెట్టెలు, పాత పుస్తకాలు. కుడి వైపు ఇత్తడి, రాగి, అల్యూమినియం వేర్వేరు గోనెసంచుల్లో. మధ్యలో ఏ సంచికీ చెందని వస్తువులు: కుట్టుమిషను తలకాయలు, టైపు మిషన్లు, ఫ్యాన్లు, రెక్కలు లేని కూలర్లు. వాటి మధ్య కంప్యూటర్లు. తుప్పు, ఇంజను ఆయిలు, తడిసిన కాగితం కలిసిన వాసన. పొద్దున్నే తోపుడు బళ్ల వాళ్లు వీధుల్లో "భంగా లుహా" అని అరుచుకుంటూ తిరిగి, మధ్యాహ్నానికి ఏరుకొచ్చినదంతా ఆయన ముందు దింపేవారు. అప్పుడు మొదలయ్యేది అసలు పని.

మౌసా దృష్టిలో వస్తువులకు పేర్లు లేవు, లోహాలున్నాయి. మణికట్టుకు దారంతో కట్టుకున్న అయస్కాంతం ముక్కను వస్తువు మీదికి వదిలేవాడు. అంటుకుంటే ఇనుము, అక్కడితో దాని చరిత్ర ముగిసింది. అంటుకోకపోతే ఆకురాయితో ఒక మూల గీకి రంగు చూసేవాడు. అల్యూమినియమని అనుమానం వస్తే బండ మీద పడేసి చప్పుడు వినేవాడు. రేడియో అయినా, మిక్సీ అయినా, లక్ష రూపాయలు పోసి ఎవరో ఆఫీసులో పెట్టుకున్న కంప్యూటర్ అయినా ఆ అయస్కాంతం ముందు ఒకటే. కంప్యూటర్ అంటే ఆయన లెక్కలో కొంత ఇనుము, కొంచెం అల్యూమినియం, మానిటర్ మెడ దగ్గర చుట్టిన రాగి తీగ, ఆపైన "బోర్డు". బోర్డులకు వేరే సంచి. అది కోల్‌కతా లారీ ఎక్కేది. దాని మీద బంగారు పూత ఉంటుందని, ఎక్కడో ఎవరో దాన్ని తీస్తారని మాత్రం ఆయనకు తెలుసు. అక్కడి నుంచి ఢిల్లీలోని సీలంపూర్‌కు, మురాదాబాద్‌కు ఇలాంటి సంచులు చేరతాయని, అక్కడ వాటిని కాల్చి, ఆసిడ్‌లో నానబెట్టి లోహం తీస్తారని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను.

ఇనుప డబ్బా ధర కిలోకు ఏడెనిమిది రూపాయలు. బోర్డు ధర దానికి ఎన్నో రెట్లు, అదీ పిన్నుల రంగును బట్టి. పసుపుగా మెరిస్తే ఒక ధర, తెల్లగా ఉంటే ఒక ధర. ఆ రోజుల్లో ర్యామ్ ముక్కల అంచులకు కొన్నిటికి బంగారు పూత, కొన్నిటికి తగరం పూత ఉండేది. పని చేయడంలో రెండింటికీ నాకు కనిపించిన తేడా ఏమీ లేదు. కాబట్టి నేను తెల్లవి ఏరుకునేవాణ్ని, మౌసా వాటిని దాదాపు ఊరికే ఇచ్చేవాడు. "బంగారం వదిలేసి తగరం ఏరుకునే కుర్రాడివి నువ్వొక్కడివే" అని నవ్వేవాడు. పింగాణీ వంటి మందపాటి పాత ప్రాసెసర్లను మాత్రం అడిగినా ఇచ్చేవాడు కాదు. వాటిని హార్లిక్స్ సీసాలో వేసి గల్లాపెట్టె వెనక దాచేవాడు.

* * *

మా నాన్నగారు బడా బజారులో ఒక పట్టుచీరల దుకాణంలో గుమాస్తా. బరంపురం పట్టు గురించి ఒడిశాలో వేరే చెప్పనక్కర్లేదు. చిట్టా, ఆవర్జా రాయడంలో ఆయనకు పేరుండేది. ఎర్ర గుడ్డ అట్టల పుస్తకాల్లో నిలువుగా నిలబడే అంకెలు, ఒక్క మరక లేకుండా. దుకాణానికి కంప్యూటర్ వచ్చిన రోజున ఆయన ఇంట్లో అన్నం సరిగా తినలేదు. యజమాని మేనల్లుడు దాన్ని నడిపేవాడు, నాన్నగారు పుస్తకం కూడా రాస్తూనే ఉండేవారు. రెండు లెక్కలూ నెలాఖరుకు సరిపోల్చుకోవడం, తేడా వస్తే కంప్యూటర్‌దే తప్పని తేలడం ఆయనకు రహస్యంగా సంతోషం కలిగించేది. అంకెలు ఎక్కించేది మనుషులేనని నేను అంటే విననట్టు ఊరుకునేవారు.

1999 అక్టోబరు తుఫాను అంటే అందరూ నెలాఖరున పారాదీప్ వైపు వచ్చిన మహా తుఫాను గురించే చెబుతారు. అంతకు పన్నెండు రోజుల ముందే గోపాల్‌పూర్ దగ్గర ఇంకో తుఫాను తీరం దాటి మా ఊరి మీదుగా పోయిందని బయటివాళ్లకు గుర్తుండదు. పెద్దది వచ్చి చిన్నదాన్ని మింగేసింది. మాకు మాత్రం అదే తుఫాను. రాత్రంతా రేకులు ఎగిరిపోతున్న చప్పుడు. తెల్లారి చూస్తే వీధి వీధంతా చెట్లు, స్తంభాలు, తెగిన తీగలు. కరెంటు ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు, కొవ్వొత్తులు దొరకకపోవడం మాత్రం గుర్తుంది. చీరల దుకాణం పైకప్పు ఒక మూల లేచిపోయి నీళ్లు దిగాయి. చీరలు బీరువాల్లో ఉండి కొంత దక్కాయి. బల్ల మీదున్న కంప్యూటర్ రెండు రోజులు వానలో నానింది.

యజమాని దాన్ని తోపుడు బండి వాడికి ఇచ్చేయమన్నాడు. దాన్ని చూసి అన్నం మానేసిన మనిషే అడిగి తీసుకుని, సైకిల్ వెనక తాళ్లతో కట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చారు. "నీకు పనికొస్తుందేమో చూడు" అన్నారంతే.

నిజానికి ఆ తుఫాను తర్వాత మౌసా కొట్టు నిండిపోయింది. తడిసినవి కొన్ని. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్ల తేదీ సున్నా సున్నా అయిపోయి అన్నీ ఆగిపోతాయన్న భయంతో ఆఫీసులు వదిలించుకున్నవి కొన్ని. జిల్లా కేంద్రం ఛత్రపురం నుంచి, కోచింగ్ సెంటర్ల నుంచి, మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ల నుంచి 286లు, 386లు, అప్పుడప్పుడు ఒక 486. ప్రాసెసర్ అంకెతోనే ఆ పాత కంప్యూటర్లను పిలిచేవాళ్లం. ఊళ్లో కంప్యూటర్ కోర్సుకు వేలు అడిగే రోజుల్లో ఆ సందులో అవి ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి.

* * *

ఇంటికొచ్చిన 386ను ఏం చేయాలో ఎవరిని అడగాలి? కోర్సు చెప్పేవాళ్లకు కీబోర్డు ఇవతలి సంగతులే తెలుసు. డబ్బా విప్పిన మనిషి కావాలి. మా వీధిలో అలాంటి మనిషి ఒక్కరే, మైకు మామయ్య. పెళ్లిళ్లకు, సభలకు మైకు సెట్లు పెట్టేవారు. రెండేళ్లకొకసారి వచ్చే ఠాకురాణి యాత్ర నెలలో ఆయన ఇంటికి వచ్చేది స్నానానికే. మిగతా రోజుల్లో రేడియోలు, టేపు రికార్డర్లు, టీవీలు బాగుచేసేవారు. చిన్న గది, గోడంతా స్పీకర్ల కోన్లు, బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, దాని పొగ వాసన. కంప్యూటర్‌ను ఆయన అంతకుముందు ముట్టుకోలేదు. డబ్బా మూత తీసి, కాసేపు చూసి, పవర్ సప్లై మీద వేలు పెట్టి, "ఇది నాకు తెలుసు, టీవీలో ఉన్నదే. మిగతాది నువ్వు తెలుసుకో" అన్నారు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. లోపల నాలుగు డయోడ్లు, రెండు లావు కెపాసిటర్లు, టీఎల్494 చిప్పు, 13007 ట్రాన్సిస్టర్లు రెండు. నానిపోయిన కెపాసిటర్ మార్చి, ఊరికే ఆన్ చేస్తే ఇలాంటివి లేవవని, ఏదో ఒక బరువు తగిలించాలని మోటారుసైకిల్ హెడ్‌లైట్ బల్బు కట్టారు. బల్బు మసకగా వెలిగింది, ఫ్యాను తిరిగింది. ఆ కెపాసిటర్లలో మూడు వందల వోల్టుల పైచిలుకు నిలిచి ఉంటుందని, మానిటర్ గొట్టంలో వేల వోల్టులు ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా దాక్కుంటాయని ఆయనే చెప్పారు. స్క్రూడ్రైవర్‌కు తీగ కట్టి ఛాసిస్‌కు తాకించి, మానిటర్ గొట్టం మీది రబ్బరు మూత కిందికి దూర్చితే "టప్" మని నీలం మెరుపు. "ఒక చెయ్యి ఎప్పుడూ వీపు వెనక ఉండాలి. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది" అనేవారు. ఈనాటికీ తెరిచిన డబ్బా ముందు కూర్చుంటే నా ఎడమ చెయ్యి తనంతట తాను వెనక్కి పోతుంది.

ఇంకో సంగతి. ఆ కాలపు పవర్ సప్లై నుంచి బోర్డుకు ఒకే పోలికతో రెండు ప్లగ్గులు వచ్చేవి, ఒక్కోదానికి ఆరు వైర్లు. పీ8, పీ9. తారుమారు చేసి పెట్టినా చక్కగా దూరిపోయేవి, స్విచ్చి వేస్తే బోర్డు దక్కేది కాదు. నల్ల వైర్లన్నీ మధ్యలో పక్కపక్కన రావాలన్నది గుర్తు. ఇంత ప్రమాదాన్ని అంత తేలిగ్గా వదిలేసిన ఇంజినీరు ఎవరో కానీ, ఆయన పుణ్యాన మౌసా కొట్టుకు ఎన్నో బోర్డులు చేరాయి.

బోర్డుకు పట్టిన బురద వదిలించడం ఇంట్లోనే జరిగింది. మా అమ్మ, పిన్ని అప్పడాలు ఒత్తి ఒక దుకాణానికి వేసేవారు. బరంపురంలో అప్పడాలు, పచ్చళ్లు చేసి బతికే ఇళ్లు ఎన్నో. డాబా మీద పాత నూలు చీర పరిచి అప్పడాలు ఆరబెట్టేవారు. నేను సబ్బు నీళ్లు, పాత పళ్ల బ్రష్షు పెట్టి మదర్‌బోర్డు తోమి, మంచినీళ్లతో కడిగి, అదే చీర కొసన పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు, కాకులు రాకుండా అప్పడాలతో పాటు దాన్నీ కాపలా కాసింది. బోర్డు మూల నీలం రంగు పీపా బ్యాటరీ ఉండేది, 3.6 వోల్టులది. అది కారి చుట్టుపక్కల రాగి గీతలన్నీ పచ్చగా చేసింది. కారినది క్షారం కాబట్టి పులుపుతో విరుగుతుందని రసాయనశాస్త్రం పుస్తకంలో ఉన్న విషయమే. అమ్మను నిమ్మకాయ అడిగితే, "దానికి కూడా పులిహోర చేస్తున్నావా?" అంది. తెగిన గీతలను మైకు మామయ్య సన్నటి రాగి తీగలతో కలిపారు. భూతద్దం కింద ఆయన చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు, మామూలుగా టీ గ్లాసు పట్టుకుంటే వణికేది.

* * *

ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. స్పీకరు మూడుసార్లు కూసింది. ఆ బోర్డులో ఏఎంఐ కంపెనీ బయాస్ ఉంది, అంటే ఆన్ చేయగానే యంత్రాన్ని పరీక్షించి లేపే ప్రోగ్రాము. మూడు కూతలంటే మొదటి 64 కిలోబైట్ల మెమరీలో లోపమని రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్టులో నిలబడి తిరగేసిన ఒక పత్రికలో దొరికింది. మా 386 ఒకేసారి 32 బిట్లు అడుగుతుంది. ఆ పొట్టి 30 పిన్నుల ర్యామ్ ముక్క ఒక్కోటి 8 బిట్లే ఇస్తుంది. కాబట్టి నాలుగూ ఉండాలి, నాలుగూ ఒకే రకం ఉండాలి. మూడు బాగున్నాయి, ఒకటి పోయింది. మూడుతో పని జరగదు.

మౌసా కొట్టులో బోర్డుల సంచి అప్పుడే లారీ ఎక్కింది. మళ్లీ సంచి నిండేదాకా ఆగాలి. ఆయనకు నా అవసరం అర్థం కాలేదు. "కావాలంటే ఇంకో డబ్బా మొత్తం తీసుకో, ఒక్క ముక్క ఎందుకు?" అన్నాడు. నేను చేత్తో పట్టుకున్న ముక్కను చూసి, ఏదో గుర్తొచ్చినవాడిలా బయటికి వెళ్లి, లారీ డ్రైవరును కేకేశాడు. డ్రైవరు తాళాల గుత్తికి బిళ్లలా వేలాడుతోంది నాలుగో ముక్క. ఆ ర్యామ్‌లకు రెండు చివర్లా రంధ్రాలు ఉంటాయి, స్లాటులో పట్టి ఉంచడానికి. తాళాల రింగుకు అంత అనువైన వస్తువు మరొకటి లేదు. డ్రైవరు ఇవ్వనన్నాడు, అదృష్టం తెచ్చిందన్నాడు. చివరికి మౌసా ఇత్తడి గుమ్మటం ఒకటి సంచిలోంచి తీసి దాని బదులు ఇచ్చాడు. అది తాళాలకంటే బరువు. ఆ ముక్క డీజిలు మరకలతో ఉన్నా పని చేసింది.

తెర మీద మెమరీ లెక్క మొదలై 4 మెగాబైట్ల దగ్గర ఆగిన రాత్రి మా ఇంటి వసారాలో సగం వీధి ఉంది. తర్వాత హార్డ్ డిస్కు గురించి దానికి చెప్పాలి. బ్యాటరీ పోయింది కాబట్టి అది తనకు ఏ డిస్కు ఉందో మర్చిపోయింది. 47వ రకం అని ఎంచుకుని డిస్కు మీద చీటీలో ఉన్న అంకెలు చేత్తో కొట్టాలి. 1001 సిలిండర్లు, 15 హెడ్లు, 17 సెక్టార్లు. సెక్టారుకు 512 అక్షరాలు. నాన్నగారు అప్పటిదాకా కుర్చీలో వార్తాపత్రిక చదువుతున్నట్టు నటిస్తున్నారు. "పదిహేను పదిహేడులు రెండు వందల యాభై అయిదు. దాన్ని వెయ్యిన్నొకటితో హెచ్చిస్తే రెండు లక్షల యాభై అయిదు వేల రెండు వందల యాభై అయిదు" అని పత్రిక దించకుండానే చెప్పారు. తర్వాత పెన్ను తీసుకుని 512తో హెచ్చించారు. 13,06,90,560. "పదమూడు కోట్ల అక్షరాలా? ఇంతలోనా?" అని డిస్కును చేతిలోకి తీసుకుని బరువు చూశారు. మౌసా పట్టుకున్నట్టే పట్టుకున్నారు.

నీళ్లలో నానిన డిస్కు పని చేస్తుందని నేను అనుకోలేదు. చేసింది. అప్పటి ఆపరేటింగ్ సిస్టం డాస్ లేచింది. దుకాణం లెక్కలు అందులోనే ఉన్నాయి, యజమాని మేనల్లుడు ఒకప్పుడు చెరిపేసినవి కూడా. డాస్‌లో ఫైలు చెరిపేస్తే నిజంగా పోదు. పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది, లోపలి విషయం ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా అలాగే ఉంటుంది. అన్‌డిలీట్ అని కొడితే మొదటి అక్షరం మీరే చెప్పండని అడుగుతుంది. ఇది వినగానే నాన్నగారి ముఖం మారింది. ఆవర్జాలో తప్పు పడితే రుద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి, కింది అంకె కనబడుతూనే ఉండాలి. గుమాస్తా చదువులో మొదటి పాఠం అదే. "అయితే దీనికీ పద్ధతి తెలుసన్న మాట" అన్నారు. ఆ తర్వాత ఆయన కంప్యూటర్‌ను తిట్టడం నేను వినలేదు. ఆ యజమాని మేనల్లుణ్ని తిట్టడం మాత్రం ఎక్కువైంది.

మౌసా దగ్గర కొన్న డిస్కులన్నిటి సంగతీ ఇంతే. ఎవరూ ఏమీ తుడిచి అమ్మేవారు కాదు. జీతాల పట్టికలు, పరీక్ష మార్కులు, ప్రేమలేఖ లాంటి ఒక ఆఫీసు ఉత్తరం. ఊళ్లో సగం మంది గుట్టు ఆ సందులో కిలోల లెక్కన దొరికేది. నేను చదివినవి కొన్ని ఉన్నాయి, వాటి గురించి ఇక్కడ రాయను.

* * *

ఒకసారి ఛత్రపురం నుంచి వచ్చిన డబ్బాలో పొడవాటి కార్డు ఒకటి దొరికింది. మామూలు డిస్‌ప్లే కార్డు కాదు. దాని మీద పుణెలోని సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ పేరుంది. జిస్ట్ కార్డు. కాన్పూర్ ఐఐటీలో మొదలైన పని ఆధారంగా సీడాక్ తయారుచేసింది, డాస్‌లో భారతీయ లిపులు చూపించడానికి. దాని సాఫ్ట్‌వేర్ అదృష్టం కొద్దీ డిస్కులోనే ఉంది.

మా ఊళ్లో వీధి పలకల మీద ఒడియా, ఇళ్లలో తెలుగు, బజారులో రెండూ. ఇచ్ఛాపురం చేరితే ఆంధ్రే, అది రైల్లో అరగంట కూడా లేదు. మా నాయనమ్మకు ఒడియా గడగడా వచ్చు, చదవడం మాత్రం తెలుగే. పక్కింటి పెద్దాయన జగన్నాథుడి భజనలు ఒడియాలో రాసుకునేవారు. ఆ కార్డు పెట్టిన యంత్రంలో ఆయన చేత ఒక భజన కొట్టించాం. కీబోర్డు మీద అక్షరాల స్థానాలు కాగితం మీద గీసి పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఆయనకు మధ్యాహ్నమంతా పట్టింది. అది పూర్తయ్యాక లిపిని తెలుగుకు మార్చాను. తెర మీద భజన మొత్తం తెలుగు అక్షరాల్లోకి మారింది. ఇస్కీ అనే ఆ పద్ధతిలో "క" ఏ లిపిలో ఉన్నా దాని సంఖ్య ఒకటే. మార్చేది బొమ్మను మాత్రమే. అది నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు వసారాలో ఉన్నవాళ్లెవరికీ అర్థం కాలేదు, పక్కింటాయన రెండు చేతులూ జోడించారు.

నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఒడియా వాళ్లు అక్షరానికి చివర "ఒ" చేర్చి పలుకుతారు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ "ఒ" లన్నీ మాయమయ్యాయి. "పాట ఇదే, పలుకు మాత్రం మనది" అని ఆవిడ మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఒడియా యాసలో పాడింది. పక్కింటాయన అందుకున్నారు. ఇప్పుడు ఫోనులో ఏ లిపి కావాలంటే ఆ లిపి. ఆ రోజు మాకు కలిగిన ఆశ్చర్యాన్ని పిల్లలకు చెబితే మర్యాదకు తల ఊపుతారు.

ఆ కార్డును ఆ తర్వాత మౌసా తిరిగి కొనుక్కుంటానన్నాడు, బంగారు పిన్నులు ఎక్కువ ఉన్నాయని. ఇవ్వలేదు.

* * *

సూరత్ సంగతి కూడా చెప్పాలి. మా గంజాం జిల్లా కుర్రాళ్లు వేల సంఖ్యలో సూరత్ పవర్‌లూమ్‌లకు వెళతారు. పండక్కి వచ్చేటప్పుడు చీరలు, రేడియోలు, తర్వాత తర్వాత సీడీ ప్లేయర్లు తెచ్చేవారు. మా వీధి చివర ఇంటి అబ్బాయి ఒకసారి బట్టల మూటలో పెంటియం బోర్డు చుట్టి తెచ్చాడు. మగ్గం ఆగిపోయే కంట్రోల్ బోర్డులు బాగుచేసే మనిషి దగ్గర కొన్నాడట. దాన్ని మా 386 డబ్బాలో బిగించి, పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీ నుంచి లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాం. ఎక్కడానికి రాత్రంతా పట్టింది, మధ్యలో కరెంటు పోయి మళ్లీ మొదలుపెట్టాం. ఆ అబ్బాయి సెలవు అయిపోయి రైలెక్కేముందు ఒక్కసారి బొమ్మల తెర చూసి వెళ్లాడు. బోర్డు డబ్బులు తీసుకోలేదు. తన తమ్ముడికి నేర్పమన్నాడు. ఈ మధ్య కబురు చెప్పిన మిత్రుడు ఆ తమ్ముడే.

* * *

ఇవన్నీ రాస్తుంటే కొట్టు వెనక పెరటి సంగతి దాటవేయలేను. సాయంత్రం అయిదు దాటితే అక్కడ మంట పెట్టేవారు. కంప్యూటర్ కేబుళ్లు, మానిటర్ చుట్టలు, ఫోను వైర్లు అన్నీ ఆ మంటలో. పైన ప్లాస్టిక్ కాలిపోతే రాగి మిగులుతుంది, నల్లబడిన రాగి కంటే ఒలిచిన రాగికి ధర ఎక్కువే కానీ ఒలవడానికి మనిషి కూలి గిట్టదు. పీవీసీ కాలిన పొగ గొంతు కోసేస్తుంది. అందులో ఆమ్ల వాయువు, డయాక్సిన్లు ఉంటాయని తర్వాత చదువుకున్నాం. పన్నెండేళ్ల కుర్రాడొకడు కర్రతో మంట కెలికేవాడు. నేను కొనే డబ్బాకు కిలోకు ఏడెనిమిది రూపాయల ధరే పడిందంటే, రాగి లాభం అటు నుంచి వస్తోంది కాబట్టే. మానిటర్ గాజులో సీసం ఉంటుంది. దాన్ని ఎవరూ కొనరు, మురుగు కాలువ గట్టు మీద కొట్టి పారేసేవారు. మౌసాకు దగ్గు ఎప్పటి నుంచో ఉంది. బీడీ వల్ల అని ఆయన అనేవాడు. చివరి ఏళ్లలో మంచం మీదే గడిచిందని మిత్రుడు చెప్పాడు.

2012 మే 1 నుంచి ఈ-వ్యర్థాల నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆఫీసులు పాత కంప్యూటర్లను అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. మౌసా కొట్టుకు డబ్బాలు రావడం తగ్గిపోయింది. పాత కుర్రాళ్లం కలిసినప్పుడు కొందరు ఆ నియమాన్ని తిట్టుకుంటారు, మా లాంటి పిల్లలు ఇక నేర్చుకునేదెక్కడ అని. నేను తిట్టను. ఆ పెరడు నాకు తెలుసు. కాకపోతే రీసైక్లర్ యంత్రంలో నలిగిపోయే ముందు, ఇంకా ఊపిరున్న డబ్బాలను ఐటీఐ పిల్లలకు ఇచ్చే దారి ఒకటి పెడితే ఎవరి సొమ్ము పోతుంది?

విశాఖపట్నంలో నా మొదటి ఉద్యోగం కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో. ద్వారకానగర్‌లో మెట్ల కింద చిన్న గది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ అడగలేదు. బల్ల మీద పవర్ సప్లై, బోర్డు పెట్టి కలపమన్నారు. నల్ల వైర్లు మధ్యకు పెట్టగానే రేపు రమ్మన్నారు.

ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లు విప్పితే చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, బ్యాటరీ జిగురుతో పట్టించి ఉంటుంది. విప్పి నేర్చుకోవాలనే పిల్లలు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. ఆఫీసులు లీజు ముగిసి వదిలేసిన పాత బిజినెస్ ల్యాప్‌టాప్ గానీ, పాత డెస్క్‌టాప్ గానీ కొనుక్కోండి. వాటికి మామూలు స్క్రూలుంటాయి, మూత తీస్తే అన్నీ ఊడివస్తాయి. లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దాన్ని గుచ్చకుండా, వంచకుండా పక్కన పెట్టండి. మా కాలంలో ఆ భయం లేదు, మాకు కెపాసిటర్ల భయం ఉండేది.

మా అక్క కొడుకు బరంపురంలోనే ఉంటాడు. మూతపడిన నెట్ సెంటర్ నుంచి డెస్క్‌టాప్ ఒకటి తెచ్చుకున్నాడు. నిన్న రాత్రి ఫోను చేసి, "మామయ్యా, ఇది కూస్తోంది, తెర రావడం లేదు" అని ఆ కూతను ఫోనులో వినిపించాడు. ర్యామ్ ఎన్ని ముక్కలని అడిగితే రెండన్నాడు. రెండూ తీసేసి, పెన్సిల్ రబ్బరుతో అంచులు రుద్ది, ఒక్కటే పెట్టి చూడమన్నాను. రబ్బరు ఇంట్లో లేదట, వాళ్ల తాతయ్య దగ్గర ఉంటుందేమో అడుగుతానన్నాడు. తాతయ్య దగ్గర రబ్బరు ఉండదని, ఆయన జన్మలో రబ్బరు వాడలేదని చెప్పి, వీధి చివర కిరాణా కొట్టుకు పొమ్మన్నాను.